పల్లెపాటయు జాతీయతయు

జానపదగానము జాతికి జీవనాడి యని యిప్పుడు సభలయందు తఱచుగా వినుచున్నాము. విద్యావంతులు పల్లెపాటలను సేకరించుచున్నారు. పాఠశాలల వార్షికోత్సవములలో బాలికలు కోలాటము వేయుచున్నారు. ప్రభుత్వోత్సవముల యూరేగింపులలో డప్పు మ్రోగుచున్నది. మన పెద్దలు మోటపాటలని యీసడించినవానినే నేడు మన సంస్కృతి యని తలకెత్తుకొనుచున్నాము. ఇది సంతోషింపదగిన మార్పే. కాని యీ సంతోషము నడుమ నొక ప్రశ్న యడుగక తప్పదు. పల్లెపాట మన జాతికి గుర్తు అని చెప్పునపుడు, ఆ "మన" యను మాటలో నెవరెవరిని చేర్చుకొనుచున్నాము? ఎవరిని వెలుపల నిలుపుచున్నాము? పాటను లోనికి రానిచ్చి, పాడినవానిని వాకిట నిలిపినచో నా జాతీయత యెట్టిది? ఈ ప్రశ్నను గాలిలో చర్చించుటకంటె నొక సీమను కన్నులయెదుట నుంచుకొని చర్చించుట మేలు. అందులకు మేము నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, బనగానపల్లెల చుట్టుపట్లనున్న రేనాటిసీమను గ్రహించితిమి.

ఇది నల్లరేగడి పొలములకును, నాపరాతికిని పేరుపడిన సీమ. కొలిమిగుండ్లకు సమీపమున నా పొలములక్రింద బెలుం గుహలున్నవి. బిలము అను మాటనుండి యా పేరు వచ్చెనందురు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వానిని గూర్చి వ్రాసెను. 1982 మొదలుకొని డేనియల్ గెబౌయర్ అను జర్మనుదేశీయుని బృందము వానిని శోధించెను. 2002లో నవి ప్రజల దర్శనమునకు తెఱవబడెను. కొలిచిన పొడవు 3229 మీటర్లు. ఒకప్పుడు జైన బౌద్ధ యతులు వానిలో నివసించిన జాడలు దొరకినవి. లోపల నొకచోట లింగములవలె వ్రేలాడు శిలలను జూచి జనులు కోటిలింగములని పేరిడిరి. వెలుపల బుద్ధుని పెద్దవిగ్రహము నిలిపిరి. 2006లో తెఱచిన యొక గదికి సప్తస్వరాల గుహ యని పేరు. అందలి శిలలను కఱ్ఱముక్కతో గాని వ్రేలి కణుపుతో గాని తట్టినచో స్వరములు పలుకును. సున్నపురాతిని కరగించుచు పైనుండి దిగిన నీరు, చుక్కవెంట చుక్కగా, యుగములతరబడి పేర్చిన శిలలవి. వానిని కట్టిన నీరు ఏ మబ్బునుండి కురిసినదో యెవ్వరును విచారింపరు; పలుకు స్వరమునే విందురు. ఈ పోలిక నింతకంటె సాగదీయ నక్కఱలేదు. గుహలపైని నేలమీద వసించు జనుల పాటలే మన ప్రశ్నకు తగిన సాక్ష్యము చెప్పగలవు.

మొదట బనగానపల్లెను చూతము. ఆ యూరు 1948వ సంవత్సరము వఱకు నవాబుల యేలుబడిలోనున్న చిన్న సంస్థానమునకు ముఖ్యపట్టణము. అక్కడి రవ్వలకొండ గుహలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి, గరిమిరెడ్డి అచ్చమ్మగారి యావులను కాచుచు, కాలజ్ఞానమును వ్రాసెనని యైతిహ్యము. గురువు విశ్వబ్రాహ్మణుడు. ఆయన శిష్యులలో నెల్ల ప్రసిద్ధుడు దూదేకుల సిద్దయ్య. మహమ్మదీయ కుటుంబమున పుట్టినవాడు. మఱియొక శిష్యుడు కక్కయ్య, మాదిగవాడు. ఈ గురుశిష్యుల పేర నడచు తత్త్వములను నేటికిని తంబుర మీటుచు పాడువారు గలరు. ఆ పాట వినువాడు ఇది కంసాలివారి వేదాంతమా, దూదేకులవారి వేదాంతమా యని యడుగడు. దూదేకులవారి యింటిభాష తెలుగు. మతము వేఱగుటచే భాష వేఱగునని తలచువారికి ఈ సిద్దయ్య యొక్కడే చాలినంత సమాధానము.

పీర్లపండుగ మఱియొక నిదర్శనము. మొహరము నెలలో రాయలసీమ పల్లెలయందు పీర్లచావడి ముందు గుండము త్రవ్వుదురు. హసను హుసేనుల కథను తెలుగున పాడుదురు. ముజావరు పీరు నెత్తికొనును. మాదిగలు డప్పు కొట్టుదురు. కాపులు, బోయలు, తక్కినవారును మ్రొక్కుబడులు చెల్లించి చక్కెర చదివింతురు. గుండము చుట్టు తిరుగుచు అందఱు నడుగులు వేయుదురు. అనంతపురము జిల్లాలోని గూగూడు కుళ్లాయిస్వామి పండుగకు హిందువులు వేలకొలది వత్తురు. ఆ మ్రొక్కులవలన పుట్టిన బిడ్డలకు కుళ్లాయప్ప, హుసేనప్ప, పకీరప్ప, మస్తానమ్మ యని పేర్లు పెట్టుదురు. ఈ పేర్లు గలవారిలో ననేకులు హిందువులే. దూరదేశమున నెడారిలో దప్పితో మరణించిన వీరుని శోకము, వానలకై మింటివంక చూచు మెట్టరైతు గుండెకు తగిలినది. కఱవు నెఱిగినవానికి దప్పి యనగా నేమో వేఱుగ బోధింప నవసరము లేదు. ఆ పాట యెక్కడినుండి వచ్చెనని అతడడుగలేదు. తన దుఃఖమునకు సరిపోయెను గావున తనదిగా చేసికొనెను.

ఆళ్లగడ్డకు సమీపముననున్న అహోబిలమునకు పోయినచో నిట్టి ప్రేమయే మఱియొక రూపమున కాననగును. నల్లమల చెంచులు నరసింహస్వామిని తమ యల్లుడందురు. చెంచులక్ష్మి తమ యాడుబిడ్డ యని వారి నమ్మకము. సంక్రాంతి ప్రాంతమున మొదలగు పారువేట యుత్సవమున స్వామి పల్లకిలో నలుబది దినములకు పైగా చుట్టుపట్ల గ్రామములు తిరుగును. దేవుడు గుడిలో కూర్చుండి జనులను రమ్మనుట లేదు. తానే జనుల వాకిండ్లకు వచ్చుచున్నాడు. కడపకు పోయినచో, దేవుని కడప వేంకటేశ్వరుని భార్య బీబీ నాంచారి తమ యాడుబిడ్డ యని చెప్పి ఉగాదినాడు మహమ్మదీయులు కొబ్బరికాయలతో గుడికి వత్తురు. ఈ రెండు కథలలోను మాకు గోచరించిన విశేషమొకటి కలదు. శాస్త్రములు సిద్ధాంతములతో కలుపలేని జనులను పల్లె వియ్యముతో కలిపినది. సిద్ధాంతమున నోడినవాడును గెలిచినవాడును ఉందురు. వియ్యమున నెవ్వరును ఓడరు. రెండు కుటుంబములును తమ తమ యిండ్లలోనే యుండి బంధువులగుదురు. అనేక మతములును కులములును గల దేశమునకు ఇంతకంటె తగిన జాతీయభావన మఱియొకటి కలదా?

ఇక జాతీయవీరులని మనము పిలుచువారి పాటలను విచారింతము. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాలెగాండ్ర వంశీయుడు. కంపెనీవారు పాలెములను తీసివైచి తవర్జీ యను భరణము నేర్పఱచిరి. దాని విషయమున నాయనకు జరిగిన యవమానమునకు, గ్రామములను కాచు కట్టుబడివారి మాన్యములను ప్రభుత్వము లాగుకొనుటచే గలిగిన యలజడి తోడైనది. 1846 జూలైలో నాయన కోవెలకుంట్ల ఖజానాను కొట్టెను. వడ్డె ఓబన్న మొదలగువారు కుడిభుజముగ నిలిచిరి. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో నాయనను ఉరితీసిరి. ప్రజలు భయపడవలెనని తలను 1877 వఱకు కోటబురుజుపై వ్రేలాడదీసియుంచిరి. ముప్పది యేండ్లు తల కోటమీద నుండెను. పాట యూళ్లలో తిరుగుచుండెను. భయపెట్టుటకు కట్టిన తల ఎముకయై రాలిపోయెను. జ్ఞాపకముంచుటకు కట్టిన పాట నిలిచియున్నది.

ఆయన కోరినది దేశస్వాతంత్ర్యమా, పాలెగాండ్ర హక్కులా యని చరిత్రకారులు వాదింపవచ్చును. ఆ వాదము తగినదే. 1846లో "భారతజాతి" యను నేటి భావము రేనాటి పల్లెలలో నుండెనని చెప్పుట సత్యము కాదు. కాని పాటకు జీవము పోసినది ఆయన యుద్దేశము మాత్రమే కాదు; ఆయనవెంట నడచిన వడ్డెల, బోయల, చెంచుల, కట్టుబడివారల యాక్రోశము. ఆ సీమవారు ఆయనతోపాటు మఱియొకనిని గూర్చియు పాడుదురు. అదే ఉయ్యాలవాడలోని బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కఱవులో తన గాదెలు తెఱచి, వచ్చినవారికెల్ల గంజియు నన్నమును పెట్టించెను. ఈ యిరువురిని గూర్చిన పాటలను తంగిరాల వెంకట సుబ్బారావుగారు సేకరించి, వారిని రేనాటి సూర్యచంద్రులనిరి. చదువరులు గమనింపవలసినదేమనగా: మొదటివానికి ఆంగ్లప్రభుత్వము ఉరిత్రాడు వేసెను, రెండవవానిని ఆ ప్రభుత్వమే గౌరవించెను. రాజకీయముల తక్కెడలో వీరిరువురు నొకవైపు తూగరు. పల్లె తక్కెడ వేఱు. అన్యాయమున కెదురు నిలిచినవాడెవడు, ఆకలిగొన్నవానికి పెట్టినవాడెవడు - ఈ రెండే దాని రాళ్లు. శత్రువును చూపి కట్టిన జాతీయత శత్రువు పోయినపిదప సడలిపోవును. లేనియెడల మఱియొక శత్రువును వెదకికొనును. పెట్టిన చేతిని తలచుకొను జాతీయతకు శత్రువుతో పనిలేదు.

ఇచ్చట కొందఱు పెద్దలొక యాక్షేపణము చేయుదురు: "ఇట్లు అన్నియు కలిసిపోయినచో మనదని చెప్పుకొనుటకేమి మిగులును? పాటను శుద్ధిచేసి, పరుల స్పర్శలేని మూలరూపమును వెదకినగదా జాతిస్వభావము తెలియును?" ఈ మాట వినుటకు సొంపుగనే యున్నది. దీని ఫలమును ఐరోపాఖండము కన్నులార చూచినది. జర్మనుదేశమున హెర్డరు 1778, 1779 సంవత్సరములలో జానపదగీతముల సంపుటములను ప్రకటించినపుడు, అందు అనేకజాతుల పాటలను చేర్చెను. ప్రతిజాతి కంఠమును వినదగినదే యని యాతని భావము. అతని పేరు చెప్పుకొన్నవారు కొందఱు ఆ విశాలభావమును విడిచి, "మా జాతి" యను మాటను మాత్రము పట్టుకొనిరి. 1933 తరువాత నాజీల చేతిలో జానపదగానము సైతము యూదులను వెలివేయు గర్వమునకు పనిముట్టయ్యెను. పల్లెపాట తానుగా నెవరిని ద్వేషింపదు. దానిని పట్టుకొన్న చేయి యెట్టిదో యదియే ప్రశ్న.

ఆ కాలముననే హంగేరీదేశమున బేలా బార్టోక్ అను గొప్ప సంగీతవిద్వాంసుడుండెను. ఆయన తనజాతి పాటలతో తృప్తిపడక, స్లోవాకుల, రుమేనియనుల పాటలను పల్లెపల్లె తిరిగి సేకరించెను. 1913లో అల్జీరియాలోని అరబ్బుల పాటలను, 1936లో తుర్కీల పాటలను వినబోయెను. పరులపాటలను పొగడెనని స్వదేశమున నిందలు పడెను. 1940లో దేశము విడిచి అమెరికా చేరెను. 1942లో సంగీతమున జాతిశుద్ధి యను విషయముపై నొక వ్యాసము వ్రాసి, ఇరుగుపొరుగు జాతుల నడుమ పాటలు పోవుచు వచ్చుచుండుటచేతనే యవి సంపన్నములగుచున్నవనియు, ఆ రాకపోకలను గోడకట్టి యాపినచో గానము క్షీణించుననియు తేల్చెను. వేలకొలది పాటలను చెవియొగ్గి విన్నవాడు చెప్పిన మాట యిది. శుద్ధిని గూర్చి గట్టిగా మాటలాడువారు తఱచుగా పాటలను తక్కువగా విన్నవారై యుందురు.

మనదేశమునను దీనికి సాక్ష్యములున్నవి. రవీంద్రనాథ ఠాకూరు 1905లో బంగాళమును విభజించినపుడు వ్రాసిన గీతమునకు, గగన్ హర్‌కరా యను టపా బంట్రోతు పాడిన బౌలుపాట వరుసను గ్రహించెను. బౌలులు హిందువులలోను, మహమ్మదీయులలోను గల బైరాగులు. ఆ గీతమే 1971లో స్వతంత్రమైన బంగ్లాదేశమునకు జాతీయగీతమైనది. ఉత్తరముల సంచి మోసిన పల్లెవాని బాణీ యొక జాతి గొంతుక యయ్యెను. ఆ రవీంద్రుడే 1919లో మన రాయలసీమలోని మదనపల్లె కళాశాలకు వచ్చినపుడు "జనగణమన" ను అచ్చటివారికి పాడి వినిపించెను. మార్గరెట్ కజిన్స్ అను ఐర్లండు వనిత ఆ పాటకు స్వరలిపి వ్రాయుటకు తోడ్పడెను. బంగాళకవి గీతము, తెలుగునాటి బస, ఐర్లండు వనిత లేఖిని - మన జాతీయగీతచరిత్రలోనే యిన్ని కలయికలున్నవి. దానివలన మనకు వచ్చిన లోటేమి?

కాబట్టి "మనదేమి మిగులును?" అనువారికి మా సమాధానమిది. పాట యెక్కడ పుట్టెనో దానివలన మనదికాదు. మన నోట నానుటవలన మనదగును. కర్బలా కథ అరబ్బుల నేలపై జరిగినది. రేనాటి మాటలో, రేనాటి డప్పుదరువులో, రేనాటి దప్పితో కలిసినపుడు అది తెలుగుపాట. ఒకరిసొమ్ము తీసికొన్న నింకొకరికి లోపము వచ్చును. పాట తీసికొన్న నెవరికిని లోపము రాదు. అట్టిదానికి సరిహద్దురాళ్లు పాతుట వ్యర్థము.

కాని మేము ముఖ్యముగా చెప్పదలచినది యింకను మిగిలియున్నది. పాటలోని కలయికను మెచ్చుకొనుట సులభము. కూర్చుండి వినువానికి ఖర్చులేదు. పాడినవాని నేమి చేయుచున్నామనుటలోనే మన జాతీయతకు పరీక్ష. 2019లో నరసింహారెడ్డి కథ చలనచిత్రమై దేశమంతట తిరిగినది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయమునకు నాయన పేరు పెట్టిరి. రెండును తగినవే. అయితే పాఠ్యపుస్తకములు పట్టించుకొనని కాలమున నా పేరును నూఱేండ్లకు పైగా నూరూరికి మోసికొని వచ్చిన కథకుల పేర్లు మనలో నెందఱకు తెలియును? వారిని పొట్టకొఱకు తిరుగు బిచ్చగాండ్రనియే పిలిచితిమిగదా? 1874లోనే బాయిల్ అను ఆంగ్లేయుడు ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో తెలుగు వీరగీతములను గూర్చి వ్రాసెను. మన విశ్వవిద్యాలయములు జానపదగేయములను పరిశోధనకు తగినవిగా నంగీకరించుటకు బిరుదురాజు రామరాజుగారు వచ్చు వఱకు, అనగా 1950వ దశకము వఱకు, వేచియుండవలసి వచ్చెను. పాటకు ఆ గౌరవము దొరకినది. పాడువారికింకను దొరకవలసియున్నది.

డప్పును తలచుకొనుడు. చచ్చిన గొడ్డును మోసి, తోలుతీసి, ఊనినవాడే దానిని మ్రోగించెను. పెండ్లికిని, చావునకును, జాతరకును, పీర్లగుండమునకును వాని చేతిదెబ్బలేక యూరు కదలలేదు. అయినను వానిని పందిటిలోనికి రానీయలేదు. నేడు వేదికమీద డప్పు మ్రోగినపుడు చప్పట్లు కొట్టుచున్నాము. ఆ చప్పట్లు కొట్టిన చేతులే యింటికి వచ్చినవాని గ్లాసును వేఱుగ నుంచినచో, మనము జాతిసొత్తును కాపాడినవారము కాము, దొంగిలించినవారము. ఒకని శ్రమఫలమును తీసికొని, వానిని దగ్గఱకు రానీయకుండుటకు మఱియొక పేరు లేదు.

ఇచ్చట నొక సందేహము గలుగవచ్చును. పల్లెపాటలయందు మంచియే కాక చెడుగును కలదు. కులములను వెక్కిరించు మాటలున్నవి. భార్యను కొట్టుట మగతనమను పాటలున్నవి. గొడ్రాలిని, విధవను తూలనాడు పాటలున్నవి. పాట పవిత్రము గావున వానినన్నింటిని నెత్తిన పెట్టుకొనవలెనా? అక్కఱలేదు. పాతది యగుటచే దురాచారము సదాచారము కానట్లే, పాడబడుటచే దూషణము భూషణము కాదు. ఐతే శుద్ధి వేఱు, సంస్కారము వేఱు. ఒకని మతమును చూచి పాటనుండి వానిపేరు తుడిచివేయుట శుద్ధి. ఒకని మనసు నొప్పించు మాటను చూచి యిక దీనిని పాడమనుట సంస్కారము. మొదటిది మనుష్యులను తగ్గించును. రెండవది మనుష్యులకు చోటు పెంచును. ఆ చెడుపాటలను పుస్తకములలో నున్నదున్నట్లు వ్రాసియుంచుడు. అవి మన చరిత్ర. పిల్లలచేత పాడింపకుడు, అవి మన భవిష్యత్తు కారాదు. తిరుగలియొద్ద, నాట్లయొద్ద స్త్రీలు పాడుకొన్న పాటలలో అత్తింటి బాధలు, బాల్యవివాహపు దుఃఖము నెంతగానో కలవు. వానిని సరిగా విన్నవానికి స్త్రీవిద్యను గూర్చి ఉపన్యాసము చెప్పనవసరమే లేదు.

మఱి గృహస్థులమైన మనము చేయవలసినదేమి? ఇది ప్రభుత్వముచే మాత్రమే యగుపని కాదు. ఇంటిలో ముసలివారు పాడు పాటలను పిల్లలముందు పాడింపుడు. మోట యని నోరు మూయింపకుడు. ఉత్సవమునకు కళాకారులను పిలిచినపుడు తక్కిన యతిథుల పంక్తిలోనే భోజనము పెట్టుడు, కూలి బేరమాడకుడు. పాటను వ్రాసికొనువారు, రికార్డు చేయువారు, పాడినవారి యనుమతి గైకొని, వారి పేరును ఊరును పాటప్రక్కనే వ్రాయుడు. దానివలన ధనము వచ్చినచో వారి పాలు వారికిండు. బిడ్డలకు దేశభక్తిగీతములతోపాటు సిద్దయ్య తత్త్వమును, పీర్లపాటను, సుగాలి తండాల పాటను వినిపింపుడు. సుగాలీల భాష మనకు తెలియకపోవచ్చును. తెలియనిభాషలో పొరుగువాడు పాడుచుండగా ఓర్పుతో కూర్చుండి వినుటయే జాతీయతలో మొదటిపాఠమని మా యభిప్రాయము.

జాతి యనునది పూర్వులు మనకు కట్టియిచ్చి పోయిన మేడ కాదు. మనవారెవరని ప్రతితరమువారును మరల మరల అడుగుకొని, మరల మరల చెప్పుకొను సమాధానము. రేనాటి పల్లెలు ఆ ప్రశ్నకు తమ పాటలలో నెప్పుడో సమాధానము చెప్పినవి: మా యాకలి నెఱిగినవాడు మావాడు, మాతో గొంతు కలిపినవాడు మావాడు, మా యింటి పిల్లను చేసికొన్నవాడు, దేవుడైనను, మా యల్లుడు. చదువుకొన్న మనము దీనికంటె చిన్న సమాధానమును చెప్పుట తగదు. పాటను మనదని చెప్పుకొను హక్కు, పాడినవానిని మనవాడని చెప్పుకొనగల ధైర్యముతోనే వచ్చును.